గడపరాయి

ఉత్తర దిక్కున కొండల వెనక కొండలు దాటి, ఇక నడవడానికి నేల మిగలలేదనిపించిన చోట ఆ పర్వతాలు ఒక్కసారిగా రెండు పక్కలకూ తొలగిపోయాయి. ఎదుట తుహినసాగరం. పేరుకు సాగరమే గాని అందులో ఉప్పు చుక్క లేదు; అంతా మంచినీరే. ఆవలి ఒడ్డు కంటికి ఆనదు. చలికాలం కావడంతో నీరంతా గడ్డకట్టి, ఆకాశాన్ని చెక్కు చెదరకుండా దించి నేలమీద పరిచినట్లు నీలంగా, నున్నగా పడి ఉంది. ఉదయపు ఎండకు ఆ మంచు ఒరలోంచి దూసిన కత్తిలా తళతళలాడుతోంది. ఒడ్డున దేవదారు వృక్షాలు తెల్లని గొడుగులు పట్టిన పరిచారికల్లా బారులు తీరి నిలబడ్డాయి.

ఆ ఒడ్డుకు ఒక యువకుడు చిన్న జారుడుబండిని లాక్కుంటూ వచ్చి ఆగాడు. భుజాల మీద గొర్రెతోలు, బండి మీద ఉప్పుమూట. చూసినవాళ్లెవరైనా ఉప్పు వర్తకుడనే అనుకుంటారు. ఆ గొర్రెతోలు కింద రాజముద్ర గల ఖడ్గం ఉందనీ, ఆ మాసిన తలపాగా కింద ఉన్నది వసంతకేదార యువరాజు మణికేతుడి ముఖమనీ ఎవరికీ తెలియదు.

అతడు ఇంత దూరం వచ్చింది చెల్లెలి కోసం. మాంత్రికుడు ఉలూకనాథుడు తన్ను పెళ్లాడమని రాకుమారి హంసికను అడిగాడు. ఆమె నిండుకొలువులో కాదంది. మాంత్రికుడు ఒక తెల్ల గుడ్లగూబ ఈకను ఊదాడు. ఈక వచ్చి హంసిక నుదుట వాలింది. అంతే, ఆమె దంతపు బొమ్మలా బిగుసుకుపోయింది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

"తుహినసాగరంలో నుంచి ఏరు బయటపడే చోట గడపరాయి అని ఒకటి ఉంది," అన్నాడు ఉలూకనాథుడు. "మంచు కరిగేలోగా దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టు. నీ చెల్లెలు లేచి కూర్చుంటుంది."

ఆ రాయి నీకెందుకని మణికేతుడు అడగలేదు. చెల్లెలి ముఖం తప్ప ఆ క్షణాన అతనికి మరేమీ కనిపించలేదు.

మంచు మీద దూరంగా ఒక మనిషి నడిచి వస్తోంది. చేతిలో ఇనుప ములుకు దిగేసిన పొడుగాటి గడకర్ర. రెండడుగులకోసారి దానితో మంచును తట్టి, చప్పుడు విని, మళ్లీ అడుగు వేస్తోంది. దగ్గరకు వచ్చాక చూస్తే నడివయసు స్త్రీ. గాలికి కమిలిన నల్లని ముఖం, నవ్వితే ముడతలు పడే కళ్లు. నడుముకు ఒక కొమ్ముబూర వేలాడుతోంది.

"అమ్మా, ఈ చెరువు దాటించేవాళ్లు ఎవరైనా దొరుకుతారా?" అని అడిగాడు మణికేతుడు.

"సెరువనకు సెట్టిబాబూ," అంది ఆమె మంచు వైపు ఒకసారి భయంగా చూసి. "ఆ మాట యింటే అలుగుతాది. పెద్దమ్మ అను. మాకందరికీ పెద్దమ్మే. నా పేరు దాలమ్మ. ఆవలికి ఏ పని మీద?"

"నా చెల్లెలు మంచం పట్టింది. గడపరాయిని ముట్టి మొక్కు తీర్చుకుంటే లేస్తుందని చెప్పారు."

సగం నిజం, సగం అబద్ధం. మొత్తం అబద్ధమైతే నాలుక తడబడేదేమో. సగమే కాబట్టి నున్నగా జారిపోయింది.

దాలమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "పైదేశమోళ్లని ఆ రాయి కాడికి రానియ్యం. కానీ ఆడకూతురు పానం కోసరమని వొచ్చినావు. కాదంటే పెద్దమ్మ నన్నే తిడతాది. నా అడుగులో అడుగేసి రా."

ఇద్దరూ మంచు మీదికి దిగారు.

మణికేతుడు కిందికి చూసుకుంటూ అడుగు తీసి అడుగు వేశాడు. పాదాల కింద మంచు అద్దంలా ఉంది. తాటిమాను లోతున చేపల గుంపులు వెండి మేఘాల్లా మలుపు తిరుగుతున్నాయి. అడుగున రాళ్ల మీద పచ్చని నాచు గాలికి చేలు ఊగినట్లు ఊగుతోంది. కొంత దూరం పోయాక అడుగు కనిపించడం మానేసింది, వట్టి నీలిచీకటి. ఆ లోతుకు అడుగే లేదని దాలమ్మ చెప్పింది. కట్టెల మోపు కట్టే తాళ్లన్నీ కలిపి ముడివేసి రాయి కట్టి వదిలితే వాళ్ల తాతలకే అందలేదట.

ఉన్నట్టుండి మంచు పిడుగు పడినట్టు ఫెళ్లున మోగింది. ఒక పగులు తెల్లని మెరుపులా వాళ్ల కాళ్ల మధ్యగా దూసుకుపోయి కనుచూపు దాటింది. మణికేతుడు బోర్లా పడి ఖడ్గం మీద చెయ్యి వేశాడు.

దాలమ్మ కదలనైనా లేదు. "భయపడకు. పెద్దమ్మ పక్క మీద ఒత్తిగిల్లింది. సలి ఎక్కువైతే నిద్దర పట్టదు."

దారిలో ఒక మంచు కన్నం లోంచి నున్నని తల ఒకటి పైకి వచ్చింది. గుండ్రని నల్లకళ్లు, మీసాలు. అది వాళ్లను చూసి తుమ్మి మళ్లీ మునిగింది. దాన్ని నీటిదూడ అంటారు. సముద్రంలో ఉండవలసిన జంతువు ఈ మంచినీటిలోకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. మునిగిపోయిన పసివాళ్లను పెద్దమ్మ అలా మార్చి పెంచుకుంటుందని దాలమ్మ వాళ్ల నమ్మకం. అందుకే ఎంత కరువు వచ్చినా వాటి మీద వాళ్లు బల్లెం ఎత్తరు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పడమటి కొండల సందులోంచి ఏదో ఈలగా వినిపించింది. దాలమ్మ ముఖం మారిపోయింది.

"సవితిగాలి. ఒంగుని నడు, బేగి."

ఆ మాట పూర్తయ్యేలోపే గాలి వచ్చి మీద పడింది. మంచుపొడి లేచి ఆకాశం, నేల ఒకటైపోయాయి. జారుడుబండి గాలిపటం లేచినట్టు లేచింది. బండి పోతే ఉప్పు పోతుంది, ఉప్పు పోతే వేషం పోతుంది. మణికేతుడు దాలమ్మ అడుగుజాడ విడిచి బండి వెనక పరుగెత్తాడు. తాడు చేతికి చిక్కింది. మరుక్షణం కాలికింద మంచు పెళపెళమని విరిగి, అతడు మెడలోతు నీటిలో ఉన్నాడు. అది నీరు కాదు, వెయ్యి సూదుల మూట. అరవడానికి గొంతులో గాలి లేదు. చేతులు అంచును పట్టుకుంటే అంచు విరిగింది. మళ్లీ పట్టుకుంటే మళ్లీ విరిగింది. మూడోసారి చేతులు లేవలేదు.

అప్పుడు ముఖం ముందు ఇనుప ములుకు కనిపించింది. దాలమ్మ మంచు మీద బోర్లా పడుకుని, పాములా పాక్కుంటూ వచ్చి, గడకర్రను అతని చంక కిందికి దూర్చింది. "పట్టుకో. నన్నొగ్గినా కర్రని ఒగ్గకు," అంటోంది. ఆమె మోచేతుల కింద కూడా మంచు చిటచిటలాడుతోంది. అయినా వెనక్కి పోలేదు.

మణికేతుడికి మళ్లీ తెలివి వచ్చేసరికి ఒక గుహలో ఉన్నాడు. సరస్సు నడుమ ఉన్న రాతిదిబ్బ అది. గుహలో ఒక మూల ఉడుకునీటి చెలమ బుడబుడలాడుతూ ఆవిర్లు చిమ్ముతోంది. అతని ఒంటి మీద తడిబట్టలు లేవు. మందమైన బొచ్చు అంగీ ఒకటి ఉంది. ఖడ్గం ఒరతో సహా గోడకు ఆనించి ఉంది, పక్కన జారుడుబండి మీద ఉప్పుమూట తడవకుండా ఉంది.

"మీ దేశంలో సెట్టిబాబులు కూడా కత్తులు కడతారేటి?" అంది దాలమ్మ, చెలమలో చేపను ఉడికిస్తూ.

"దారిలో దొంగల భయం."

ఆమె తల ఊపింది. నమ్మింది. ఆకుదొన్నెలో చేపను అతని ముందు పెట్టింది. గాజులా అవతలిది కనిపించే చేప అది. ఎండలో పెడితే కరిగి నూనె అయిపోతుందట, ముల్లు మాత్రం మిగులుతుందట. ఆ కొవ్వు నోట్లో పడగానే మణికేతుడి ఎముకల్లోకి వేడి పాకింది.

"ఈ అంగీ ఎవరిది?" అని అడిగాడు.

"మా తమ్ముడు సూరయ్యది. పోయినేడు ఇలాగే మంచు ఇరిగి పోనాడు. ఎక్కడి నీళ్లయినా మనిసిని నాలుగునాళ్లకి తేల్చీసి ఒడ్డుకి తోసేస్తాయి. పెద్దమ్మ అలాక్కాదు. ఆవిడ నీళ్లు మరీ సల్లన. తీసుకున్నోళ్లని అడుగునే పడుకోబెట్టుకుంటాది, తిరిగియ్యదు. నాను ఏడాదంతా ఒడ్డమ్మట తిరిగినాను, ఒక్కపాలైనా ఆడి మొకం సూద్దామని." దాలమ్మ చేపముల్లును చెలమ పక్కన జాగ్రత్తగా పెట్టింది. "నిన్ను మింగి కూడా ఒగ్గీసింది. అలాగ ఎవుల్నీ ఒగ్గగా నాను సూడలేదు. ఆడికి బదులు నిన్నిచ్చింది నాకు. ఇంక సెట్టిబాబూ అనను, తమ్ముడూ అంటాను. నీకిష్టమేనా?"

మణికేతుడు దొన్నె కింద పెట్టి అంగీని దగ్గరగా లాక్కున్నాడు. చలికి అనుకుని ఆమె చెలమ దగ్గరకు జరగమంది.

"ఇష్టమే అక్కా," అన్నాడు. ఆ రోజు అతడు ఆడిన అబద్ధాలన్నిటిలోకీ ఆ మాటే బరువైనది. ఎందుకంటే అది అబద్ధం కాదు.

మరునాడు పొద్దెక్కాక దాలమ్మ ఊరి జనం కనిపించారు. చలికాలం వాళ్లు ఊరు విడిచి మంచు మీదనే తోలుగుడారాలు వేసుకుని ఉంటారు. మంచుకు కన్నాలు తొలిచి, ఒక కన్నం నుంచి మరో కన్నానికి అడుగునుంచే వలలు గుచ్చి చేపలు పడతారు. ముసలివాళ్లు పొగ పెట్టి చేపలు ఎండబెడుతున్నారు. దాలమ్మ భర్త పోలయ్య వచ్చి ఉప్పుమూట విప్పి, వేలు తడిచేసుకుని ఒక్క పలుకు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. తరవాత చుట్టూ ఉన్న అందరి నాలుకల మీదా ఒక్కొక్క పలుకు వేశాడు. దాలమ్మ రాగానే చంకకెక్కిన చిన్న కూతురికి కూడా.

"మా నీళ్లలో ఉప్పు నేదు," అన్నాడు పోలయ్య. "ఉప్పెట్టినోడిని మరిసిపోతే మాకు నీళ్లు కూడా పుట్టవు. మొక్కు తీర్చుకుని రా బావా. మాపటికి పెద్ద చేప కొడదాం."

బావా అన్నాడు. మణికేతుడు తల వంచుకుని తలపాగా సర్దుకున్నాడు.

దాలమ్మ బిడ్డను పోలయ్యకిచ్చి ముందు నడిచింది. ఏరు బయటపడే చోటు అక్కడికి ఆమడలో సగం దూరం. తుహినసాగరమంతటా గడ్డకట్టనిది అదొక్కటే చోటు. రెండు కొండల నడుమ నుంచి నల్లని నీరు ఆవిర్లు కక్కుతూ, ముత్యాల రంగు నురుగుతో, గుర్రాల మంద పరుగెత్తినట్టు దక్షిణానికి పోతోంది. ఆ నోటి మధ్యలో, నీటిలో సగం మునిగి, ఒక నల్లరాయి. టెంకాయంత ఉంటుందేమో. దాని నడుమ తెల్లని గీత.

"అదే గడపరాయి," అంది దాలమ్మ. "పెద్దమ్మకి కొడుకులు మెండు. కొండల్లోంచి వొచ్చే ఏర్లన్నీ ఆవిడ కొడుకులే, ఎప్పుడూ ఏదోటి తెచ్చి పెడతానే ఉంటారు. కూతురు ఒక్కతే, ఈ పోయేది. ఎండదేశం సూడాలని పుట్టిల్లు ఇడిసి పోనాది. పోతా పోతా అమ్మ సొమ్మంతా పట్టుకుపోబోతే పెద్దమ్మ ఈ రాయి అడ్డమేసి, 'నీ వాటా వరకే పట్టుకుపో, ఇల్లు గుల్ల సెయ్యకు' అన్నాదట. ఆ రాయి ఉన్నంతకాలం ఏరు హద్దులో ఉంటాది."

మణికేతుడు ఆ రాయినే చూస్తున్నాడు. ఆమె చెప్పిన కథ చెవిన పడింది గాని మనసుకు ఎక్కలేదు, ఎక్కనివ్వలేదు.

"అక్కా, మొక్కు చెల్లించేటప్పుడు తోబుట్టువు చూడకూడదని మా ఆచారం."

"అలాగేలే," అంటూ దాలమ్మ కొండరాతి వెనక్కి పోయి, వీపు తిప్పి కూర్చుంది. తొంగి చూసే మనిషి కాదు.

అతడు నీటిలోకి దిగాడు. ఏ మకరమో, మహాసర్పమో కాపలా ఉంటుందని ఖడ్గం దూసి పట్టుకున్నాడు. రాయి పక్కన నీరు విచ్చుకుంది. వచ్చింది ఒక ముసలి నీటిదూడ. మీసాలు నెరిసిపోయాయి. అది అతని మీద పడలేదు, కోర చూపలేదు. అతని ముఖంలోకి చాలాసేపు చూసి, తల తిప్పుకుని మునిగిపోయింది. శత్రువు ఎదిరిస్తే కొట్టవచ్చు. దారి ఇచ్చి పోయినదాన్ని ఏం చేస్తాడు? మణికేతుడు ఖడ్గం ఒరలో పెట్టి రెండు చేతులతో రాయిని పట్టుకున్నాడు. మిగలముగ్గిన పండు తొడిమ నుంచి ఊడినట్లు అది సులువుగా చేతిలోకి వచ్చేసింది.

ఏరు ఒక్కసారి ఊపిరి పీల్చినట్లు ఆగింది. ఆ తరవాత ఘీంకరించింది. నల్లని నీరు గోడలా లేచి కొండల సందులో నుంచి దూకింది. మణికేతుడు ఆవలి గట్టు పట్టుకుని పైకి పాకి, రాయిని అంగీలో దోపుకుని, వెనక్కి చూడకుండా దేవదారు అడవిలోకి పరుగెత్తాడు. చూస్తే కాళ్లు ఆగిపోతాయని అతనికి తెలుసు.

అడవిలో ఒక ఎండుమోడు మీద తెల్ల గుడ్లగూబ కూర్చుని ఉంది. పట్టపగలు దాని కళ్లు నిప్పుకణికల్లా వెలుగుతున్నాయి. అది నోరు తెరిస్తే వచ్చింది ఉలూకనాథుడి గొంతు.

"భళా రాజకుమారా. ఇచ్చిన పని ఇంత త్వరగా పూర్తిచేస్తావని అనుకోలేదు. ఇక నీరంతా ఏటివెంట పోతుంది. మంచు మాత్రం పైన పందిరిలా వేలాడుతూ నిలుస్తుంది. పొద్దువాలేసరికి ఆ పందిరి కూలుతుంది. అడుగున మునిగి ఉన్న మణిమంటప నగరం నా కోసం తలుపులు తెరుస్తుంది."

మణికేతుడు నిలువునా ఆగిపోయాడు. "మంచు మీద జనం ఉన్నారు. ఊరు ఊరంతా ఉంది."

"వాళ్ల సంగతి నన్ను అడిగావా? రాయి నీకెందుకని కూడా అడగలేదే. నీకు కావలసింది నీ చెల్లెలు. నాకు కావలసింది నగరం. రాయి ఇటు ఇవ్వు."

గుడ్లగూబ రెక్కలు విప్పింది. ఆ రెక్కల నీడ అడవి అంతా పరుచుకుంది. కొడవళ్లలాంటి గోళ్లు అంగీ మీదికి దిగాయి. మణికేతుడు పక్కకు దొర్లి ఖడ్గం దూశాడు. మొదటి వేటు కొమ్మకు తగిలింది. రెండో వేటు రెక్క మొదట్లో దిగింది. అది మనిషిలా కేక పెట్టి, నెత్తురు మంచు మీద చిందిస్తూ సరస్సు వైపు వాలిపోయింది.

అతడు వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు. గట్టు చేరేసరికి ఒక పిలుపు వినిపించింది.

"తమ్ముడూ. ఓ తమ్ముడూ."

దాలమ్మ నడుములోతు నీటిలో ఉంది. పొంగే ఏటిలో ఒక చేత్తో బండను కరుచుకుని, రెండో చేత్తో గడకర్రను నీటి అడుగున గుచ్చి గుచ్చి వెతుకుతోంది. పెదవులు నల్లబడ్డాయి. ఏరు పొంగితే మొక్కు చెల్లిస్తున్న తమ్ముడు కొట్టుకుపోయాడనుకుంది. ఇంకో తమ్ముణ్ని కూడా పెద్దమ్మకు వదలడం ఇష్టం లేక దిగింది.

మణికేతుడు ఆమెను గట్టుకు లాగాడు. అతన్ని చూసి ఆమె ముఖం విప్పారింది. ఆ సంతోషం ముందు నిలబడడం అతని వల్ల కాలేదు. మోకాళ్ల మీద కూలబడి, అంగీలోంచి రాయి తీసి ఆమె పాదాల దగ్గర పెట్టాడు.

"నేను ఉప్పు సెట్టిని కాను అక్కా. వసంతకేదార యువరాజును. చెల్లెలికి జబ్బన్నది నిజం, మొక్కు అన్నది అబద్ధం. ఈ రాయి దొంగిలించడానికే వచ్చాను. నీరు పోతోంది. పొద్దువాలేసరికి మంచు కూలుతుందట. నీ ఊరు, నీ బిడ్డ అంతా దాని మీదే ఉన్నారు. తెలియక చేశానని చెప్పను. నువ్వు చెబుతుంటే విననట్టు ఊరుకున్నాను."

దాలమ్మ రాయిని చూసింది. అతన్ని చూసింది. ఆమె కళ్లలోని వెలుగు దీపం ఆర్పినట్టు ఆరిపోయింది. తిడుతుందని, కొడుతుందని అతడు ఎదురు చూశాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె కొమ్ముబూర తీసి ఊదింది. దీర్ఘంగా, ఎడతెగకుండా ఊదింది. దూరాన గుడారాల్లో అలజడి పుట్టింది.

"పోలయ్య యిన్నాడు. జనాన్ని లేపుతాడు. ఒడ్డు సేరాలంటే సానా దూరం. ముసలోళ్లున్నారు, పిల్లగుంటలున్నారు. పొద్దు వాలేలోగా అందరూ సేరలేరు." ఆమె మాట రాయిలా ఉంది. "నిన్ను తిట్టడానికి తరవాత తీరుబడి ఉంటాది. లెగు. రాయి దాని సోట ఎట్టాలి."

"ఏటిలో కాలు నిలవదు."

"ఏటి యేపు నుంచి కాదు. లోపల నుంచి."

ఆమె గడకర్రతో చూపించింది. ఒడ్డు పక్కన నీరు అప్పుడే చాలా దిగిపోయింది. మంచు మాత్రం దిగలేదు. ఒడ్డుకూ మంచుకూ మధ్య నల్లని నోరొకటి తెరుచుకుంది. పెద్దమ్మ కప్పు కింద, నీరు విడిచిపోయిన నేల మీదుగా దారి పడింది.

"లోపల దిక్కు తెలీదు, అన్ని యేపులా ఒకలాగే ఉంటాది. నాను మంచు మీద నడుస్తాను. కర్రతో కొడతాను. ఆ సప్పుడెనకాల రా."

"మంచు కూలితే?"

"కూలితే నాను కూడా నీ మీదే పడతాను. నడు."

మణికేతుడు రాయిని ఎత్తుకుని ఆ నోటిలోకి దిగాడు.

లోపల మరో లోకం. తలపైన మంచు పందిరి కనుచూపు మేర పరుచుకుని, ఎండను వడగట్టి నీలాల వెలుతురు కురిపిస్తోంది. స్తంభాల్లా మంచు ఊడలు. తడి రాళ్ల మీద నీరందక కొట్టుకుంటున్న వెండి చేపలు. వాలులో ఎంతో కింద, వెనక్కి పోతున్న నీటిలోంచి మునిగిన నగరపు శిఖరమొకటి బంగారు కొనతో పైకి వచ్చింది. పందిరి అంతటా సన్నని పగుళ్లు నరాల్లా పాకుతున్నాయి. టక్, టక్ అని పైన గడకర్ర మోగింది. అతడు ఆ చప్పుడు వెంట పరుగెత్తాడు.

కొంతదూరం పోయాక తల ఎత్తి చూశాడు. అద్దం లాంటి మంచుకు అవతల పాదాలు. వందల పాదాలు ఒడ్డు వైపు పరుగెడుతున్నాయి. పెద్ద పాదాలు, ఈడ్చుకుపోతున్న ముసలి పాదాలు, పడి లేస్తున్న చిన్న పాదాలు. కింద నుంచి ఒక్కొక్క అరికాలూ స్పష్టంగా కనిపిస్తోంది. ఆ పాదాల కింద ఉన్నది నీరు కాదు, గాలి. ఆ గాలి తాను పెట్టినది. మణికేతుడు తల దించుకుని మరింత వేగంగా పరుగెత్తాడు.

ఏటినోటికి లోపలి అంచున గడపరాయి ఊడివచ్చిన గూడు కనిపించింది. దాని ముందు ఉలూకనాథుడు నిలబడి ఉన్నాడు. ఎడమ భుజం నుంచి నెత్తురు కారుతోంది.

"ఆగు," అన్నాడు మాంత్రికుడు. కుడిచేతిలో హంసిక నుదుట వాలిన తెల్ల ఈక ఉంది. దాన్ని ఊదబోతున్నట్టు పెదవుల దగ్గర పెట్టుకుని నవ్వాడు. ఈకలోంచి ఒక గొంతు పలికింది. "అన్నా, నన్ను లేపవూ. ఇక్కడ చాలా చీకటిగా ఉంది." హంసిక గొంతే. చిన్నప్పుడు ఉరుములకు భయపడి అతని పక్కలో దూరినప్పటి గొంతు.

"రాయి నా చేతికిస్తే ఆమె ఈ క్షణమే లేస్తుంది," అన్నాడు ఉలూకనాథుడు. "గూట్లో పెట్టావంటే ఈ ఈక కాల్చేస్తాను. ఆమె మరెన్నటికీ లేవదు."

పైన గడకర్ర మోగింది. చిన్న పాదాలు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి.

"హంసీ," అన్నాడు మణికేతుడు ఆ ఈకతో, "నీ కోసం తప్పు చేశాను. నీ పేరు మీద మరొకటి చెయ్యలేను. నన్ను క్షమించు."

మాంత్రికుడి మీదికి ఎద్దులా దూకాడు. గాయపడ్డ భుజానికి తల తగిలి ఇద్దరూ పడ్డారు. పడుతూనే రాయిని గూట్లోకి తోసి రెండు అరచేతులతో బిగించాడు. ఏరు ఘీంకారం ఆపింది. సరస్సు అడుగునుంచి ఒక పెద్ద నిట్టూర్పు లేచింది. కొండల్లోంచి వచ్చే ఏర్లన్నీ ఒకేసారి పరుగున వచ్చినట్టు, వెనక్కి పోయిన నీరంతా గుట్టలా తిరిగి లేచింది.

ఉలూకనాథుడు ఈకను పిడికిట బిగించుకుని, గుడ్లగూబ అయి, ఒంటి రెక్కతో తడబడుతూ ఒడ్డు వైపు ఎగిరిపోయాడు. ఈక కాలలేదు. అది చూసేంత తీరిక మాత్రమే మణికేతుడికి దొరికింది. నీరు మోకాళ్లు దాటింది. నడుము దాటింది. ఒడ్డు నోరు ఎంతో వెనక ఉంది. ఈదబోతే బొచ్చు అంగీ తడిసి గుండులా లాగుతోంది. నీరు అతన్ని మంచు పందిరికి ఎత్తింది. పందిరికీ నీటికీ మధ్య జానెడు గాలి మిగిలింది. ముఖం పైకెత్తి ఆ జానెడులో ఊపిరి తీసుకున్నాడు.

మంచుకు అవతల దాలమ్మ ఉంది. ఊరి జనం ఒడ్డు చేరుతున్నారు, ఆమె చేరలేదు. మోకాళ్ల మీద కూర్చుని గడకర్ర ములుకును రెండు చేతులా ఎత్తి మంచు మీద దింపుతోంది. తెల్లని పొడి లేస్తోంది గాని కన్నం పడడం లేదు. పైన ఎక్కడో ఒంటిరెక్క నీడ ఒకటి ఆమె వెనక చక్కర్లు కొడుతోంది. ఆమె దాన్ని చూడలేదు.

"వెళ్లిపో అక్కా," అని అరిచాడు. గాలి నాలుగు వేళ్ల మందానికి తగ్గింది.

దాలమ్మ ఒక్క క్షణం ఆగింది. అరచేత్తో మంచుపొడి తుడిచి, కింద ఉన్న ముఖాన్ని చూసింది. ఆ కళ్లలో క్షమ ఉందో లేదో అతనికి తెలియలేదు. నీరు పెదవుల మీదికి వచ్చింది. ఆమె మళ్లీ గడకర్ర ఎత్తింది.